మాయలేడి తల సగంలో పట్టేస్తోంది, చెవులు వణుకుతున్నాయి

ప్రశ్న: బెంగళూరులో మా తెలుగువాళ్లం ఉగాదికి వేసే నాటకానికి మాయలేడి కడుతున్నాం. ఒళ్లు బెత్తం, తల 5 మి.మీ. ఈవీఏ ఫోమ్ (తేలికైన స్పంజు షీటు). తల 800 గ్రాములు. అది సమంగా నిలిచే చోటు మెడ కీలు నుంచి 15 సెం.మీ. లోపలి మనిషి సైకిల్ బ్రేకు వైరు లాగితే తల లేవాలి. సగంలోనే పట్టేస్తోంది, వదిలినా దిగదు. చెవులకు పెట్టిన రెండు ఎంజీ996ఆర్ సర్వోలు (చెప్పిన కోణానికి తిరిగి ఆగే చిన్న మోటార్లు) ఊరికే వణుకుతున్నాయి. తలకూ సర్వోనే పెట్టేయమంటారా?

జవాబు: తలకు సర్వో వద్దండి. 800 గ్రాములు 15 సెం.మీ. దూరాన ఉంటే, తల అడ్డంగా చాచినప్పుడు కీలు మీద 12 కేజీ-సెం.మీ. తిప్పుడు బలం (కిలోల బరువును సెం.మీ. దూరంతో గుణిస్తే వచ్చేది) పడుతుంది. ఆ సర్వో 6 వోల్టుల మీద ఇచ్చేది 11, అదీ కదల్లేక ఆగిపోయే చోట. వైరే నయం. కీలుకు వెనక 10 సెం.మీ. దగ్గర 900 గ్రాముల ఇనుప ముక్క బిగించండి. 12లో 9 అది మోస్తుంది. మిగతా 3 అలాగే ఉంచాలి, తలను దించేది అదే. బ్రేకు వైరు లాగుతుంది గాని నెట్టదు, కాబట్టి పూర్తిగా సమం చేశారో తల పైనే ఉండిపోతుంది. ఇనుప ముక్కను టేపుతో చుట్టొద్దు, బోల్టు వేయండి. దాని కింద మనిషి ఉంటాడు.

ఇక పట్టేయడం. ఔటర్ (వైరు పైనున్న గొట్టం) రెండు కొసలూ కదలకుండా బిగించారా? ఒక కొస వదులైతే లాగిన లాగుడంతా ఔటర్ వంగడానికే పోతుంది. కట్టర్‌తో కోసిన చోట లోపలి తీగచుట్ట నొక్కుకుపోతుంది; మేకుతో తెరిచి ఆకురాయి పెట్టండి. కీలుకు 8 మి.మీ. బోల్టు, రెండు 608 బేరింగులు (8 మి.మీ. రంధ్రం ఉన్నవి) చాలు. నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండి, దానంతట అది వదులు కానిది) వేసి, తల వదిలితే దానంతట అది వాలేంతవరకే తిప్పండి.

ఇంకొకరు: చెవుల వణుకు కరెంటుదే. ఒక్కో ఎంజీ996ఆర్ బిగుసుకుంటే 2.5 ఆంపియర్ల దాకా లాగుతుంది, సర్వోలను నడిపే ఆర్డుయినో బోర్డు 5 వోల్టుల పిన్నుకు అంత ఇచ్చే శక్తి లేదు. సర్వోలకు వేరే సప్లై పెట్టి, గ్రౌండ్ (మైనస్ వైరు) మాత్రం ఆర్డుయినోతో కలపండి, పక్కనే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ (ఒక్కసారిగా కరెంటు లాగినప్పుడు ఆదుకునేది). నిజానికి ఫోమ్ చెవికి 9 గ్రాముల ఎస్‌జీ90 అనే చిన్న సర్వో చాలు, మీ బెంగళూరు ఎస్పీ రోడ్డులో దొరుకుతుంది. మోత కూడా తక్కువ. ఒక్కటి మాత్రం తప్పక చేయండి: చెవి ముందు తిరగాలి, అర క్షణం ఆగి తల లేవాలి. రెండూ ఒకేసారి కదిలితే బొమ్మలా ఉంటుంది.

అడిగినవారు: ఔటర్ బిగించాక బాగా లేస్తోందండి, దిగుతోంది కూడా. పైన బంగారు గుడ్డ తొడిగితే మళ్లీ అదే కథ.

జవాబు: గొంతు దగ్గర గుడ్డ చాలడం లేదు. తలను పూర్తిగా ఎత్తిపెట్టి అప్పుడు కుట్టండి, దించినప్పుడు పడే ముడతలు మెడ వెనక్కి సర్దండి. లైక్రా (సాగే గుడ్డ) అయితే ఇంకా మంచిది. అప్పటికీ దిగకపోతే ఇనుము 700 గ్రాములకు తగ్గించండి. దించే బరువు 3 నుంచి 5కి పెరుగుతుంది. చేతికి కాస్త బరువు తెలుస్తుంది, అంతే.