అప్‌డేట్: డుబ్రోవ్నిక్ చూసొచ్చాం

అమ్మానాన్నలు క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ కోటగోడ ఎక్కగలరా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా, ఎక్కారు! పొద్దున్నే గేటు తెరవగానే వెళ్లమన్నవారికి వెయ్యి దండాలు. చుట్టు దాదాపు 1,940 మీటర్లు. నడక ఒకే దిశలో. నీడ తక్కువ, మెట్లు బోలెడు. నాన్న సముద్రం వైపు బురుజు దగ్గర కూలబడి ఇళ్ల కప్పులే చూస్తూ ఉండిపోయారు. 1991-92 యుద్ధంలో నగరాన్ని ముట్టడించినప్పుడు దెబ్బతిన్న ఇళ్లకు తర్వాత వేసిన పెంకులు ఎర్రగా మెరుస్తుంటే, పాతవి వెలిసిపోయి ఉన్నాయి. తేడా ఇట్టే తెలుస్తుంది.

కిందికి దిగి, 1438లో కట్టిన ఒనోఫ్రియో ఫౌంటెన్ దగ్గర సీసాలు నింపుకున్నాం. నీళ్లు చల్లగా, తాగడానికి బాగున్నాయి.

వీసా సంగతి: క్రొయేషియా 2023లో షెంజెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) చేరింది కాబట్టి ఇటలీ వీసాయే సరిపోయింది. ఖర్చంతా యూరోల్లోనే. లోక్రుమ్ దీవి మాత్రం వదిలేశాం. అమ్మకు పడవ ప్రయాణం పడదు.