ఉల్లికోడు: కటక్‌లో నిలిచిన వరి పర్లాకిమిడిలో ఎందుకు నిలవడం లేదు?

పర్లాకిమిడి రైతు (గజపతి జిల్లా, ఒడిశా):
మా పొలాలు దాటితే శ్రీకాకుళం జిల్లా. ఈ ఖరీఫ్‌లో ఆలస్యంగా నాట్లు పడిన మడిలో ఉల్లికోడు పురుగు పట్టి పిలకలు ఉల్లికాడల్లా గొట్టాలైపోయాయి. ఒక గొట్టాన్ని పరిశీలిస్తే, కొనకు కాస్త దిగువన పురుగు బయటపడిన రంధ్రంలో ఖాళీ కోశం ఇరుక్కుని ఉంది. ఫల్గుణ అనే వరి రకం నుంచి ఉల్లికోడు నిరోధకత తెచ్చుకున్న ఇదే రకం కటక్ వైపు మా వియ్యంకుల పొలంలో శుభ్రంగా ఉంది. విత్తనం కల్తీ అనుకోవాలా?

శ్రీకాకుళం విస్తరణ కార్యకర్త:
విత్తనం కంటే ముందు పురుగును అనుమానించండి. చూపులకు ఒకటే అయినా మన దేశపు ఉల్లికోడులో ఏడు బయోటైపులను, అంటే ఏ వరి రకాలను దెబ్బతీయగలవన్న దాన్నిబట్టి వేరుపడే తెగలను, గుర్తించారు. కటక్‌ది రెండవది, జిఎం1 అనే నిరోధక జన్యువున్న డబ్ల్యూ1263 వరి రకాన్ని అది దెబ్బతీస్తుంది గానీ, జిఎం2 ఉన్న ఫల్గుణ మీద బతకలేదు. శ్రీకాకుళం, విజయనగరాలది నాలుగవది. దానికి ఆ రెండూ లొంగిపోతాయి. 1986 ప్రాంతంలో ఉత్తరాంధ్రలో ఫల్గుణ దెబ్బతిన్నప్పుడే ఇది బయటపడింది. దోమలా ఉండే ఉల్లికోడు రెక్కల పురుగు కొద్ది రోజులే బతుకుతుంది, దూరం ఎగరలేదు; కాబట్టి మీ ఊరి పురుగుకు కటక్ కంటే మా జిల్లాతోనే చుట్టరికం ఎక్కువ ఉండాలి.

ఫల్గుణను జయించే గుణం లింగ క్రోమోజోము మీది ఒకే అంతర్గత జన్యువు వల్ల వస్తుంది. మగదానికి ఒక్క ప్రతి చాలు, ఆడదానికి రెండూ కావాలి. అందుకే అది ఆడ పురుగుల్లో పైకి తెలియకుండా కొనసాగుతూ, ఊరంతా ఏటేటా అదే జన్యువున్న రకం వేసినప్పుడు ప్రబలుతుంది. నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించేది ఇదే.

సిరొంచ రైతు (గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర):
మా రాష్ట్రంలో భండారా పురుగు కూడా నాలుగవదేనని చదివాను. జగిత్యాలది మూడవది, అది ఫల్గుణను తింటుంది గానీ డబ్ల్యూ1263 దగ్గర ఆగిపోతుంది. వరంగల్‌లో 4ఎం అని ఇంకొకటి. ఇన్నిటి మధ్య, బంధువులు తెచ్చిచ్చే ‘ఉల్లికోడును తట్టుకునే విత్తనం’ ఏ పురుగును తట్టుకుంటుందో ఎలా తేల్చుకోవాలండీ?

శ్రీకాకుళం విస్తరణ కార్యకర్త:
దగ్గరి పరిశోధన కేంద్రాన్ని అడిగి డబ్ల్యూ1263, ఫల్గుణ, టీఎన్1 విత్తనం కొద్దికొద్దిగా తెచ్చుకుని, పక్కపక్క వరుసల్లో కావాలనే ఆలస్యంగా నాటండి. నాటిన 30వ, 50వ రోజుల్లో గొట్టాలు లెక్కించండి. దేనినీ తట్టుకోలేని టీఎన్1లో గొట్టాలు బాగా వస్తేనే ఆ పరీక్ష చెల్లుతుంది. మూడింటిలోనూ వస్తే మీది నాలుగవది గానీ 4ఎం గానీ కావచ్చు. ఫలితాన్ని ఆ కేంద్రానికే చూపి నిర్ధారించుకున్నాక, వచ్చే ఏటి విత్తనం వారి సలహా ప్రకారం ఎంచుకోండి.