శవం ఎవరిదో తెలియకపోతే ఊరంతా జరిమానా కట్టాలా?

ప్రశ్న: 1066లో ఫ్రాన్సులోని నార్మండీ పాలకుడు విలియం ఇంగ్లండును జయించిన తరువాత, అతడితో వచ్చిన నార్మనులలో ఒకడు హత్యకు గురై హంతకుడు దొరకకపోతే చుట్టుపక్కల ఊళ్లన్నీ జరిమానా కట్టవలసి వచ్చేదని చదివాను. నేరం చేయనివారిని శిక్షించడంలో తర్కం ఏమిటో పెద్దలు వివరించగలరు.

జవాబు 1: ఆ జరిమానాను ‘మర్‌డ్రమ్’ అనేవారు. విలియం పేరిట ఉన్న శాసనం ప్రకారం, హతుడి ప్రభువు ఐదు రోజులలో హంతకుణ్ణి పట్టుకోలేకపోతే 46 మార్కుల (మార్కు అంటే అప్పటి డబ్బు లెక్క) వెండి చెల్లించాలి. అతడి ఆస్తి చాలకపోతే మిగిలినది ‘హండ్రెడ్’ అనే గ్రామ సముదాయం ఉమ్మడిగా భరించాలి. పోలీసు వ్యవస్థ లేని రోజులలో, పరాయి పాలకుల మీద పగబట్టిన ఊళ్లు హంతకుణ్ణి దాచకుండా చేయడానికి ఇంతకంటే చవకైన ఉపాయం లేదు. చనిపోయినవాడు ఇంగ్లీషువాడని బంధువులు నిరూపిస్తే జరిమానా తప్పేది. నా దృష్టిలో ఇది న్యాయం కాదు, కాపలా.

జవాబు 2: పై మాటకు చిన్న చేర్పు. వియ్యాలు కలిసిపోయి, 1170ల చివరికల్లా స్వతంత్రులలో (భూస్వామికి కట్టుబానిసలు కానివారిలో) ఎవరు నార్మనో ఎవరు ఇంగ్లీషో చెప్పలేమని రాజకోశాధికారి రిచర్డ్ ఫిట్జ్‌నీల్ స్వయంగా రాశాడు. అయినా ఖజానాకు ఆదాయం తెచ్చే ఆ జరిమానా 1340 దాకా రద్దు కాలేదు!

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండి. మరి హంతకుడు దొరికితే ఉరి తీసేవారా?

జవాబు 1: అదే శాసనం ఉరిని నిషేధించి, కళ్లు పొడిచి వృషణాలు కోయమన్నది. విలియం కొడుకు మొదటి హెన్రీ కాలానికి ఉరి తిరిగి వచ్చింది. 1124లో లెస్టర్‌షైర్‌లో రాజు న్యాయాధికారి రాల్ఫ్ బాసెట్ ఒకే విచారణలో 44 మంది దొంగలను ఉరి తీయించాడు.