"చిత్తశుద్ధి కలిగి" పద్యం ఫలితాన్ని వదిలేస్తుందా?

ప్రశ్న:
చిత్తశుద్ధి కలిగి చేసిన పుణ్యంబు
కొంచెమైన నదియు కొదువ గాదు
విత్తనంబు మర్రివృక్షంబునకు నెంత
విశ్వదాభిరామ వినుర వేమ

మనసు మంచిదైతే చాలు, ఫలితం ఎట్లున్నా ఫరవాలేదని దీనికి అర్థం చెప్పుకోవచ్చా? మా సిరొంచలో (గోదావరికి మహారాష్ట్ర వైపు) మేడిగడ్డ బ్యారేజీ మాట వస్తే ఒక పెద్దాయన ఈ పద్యమే చదివి, "చిత్తశుద్ధితోనే కట్టారు గదా" అన్నారు.

జవాబు: కుదరదన్నా. పద్యంలో 'కొంచెమైన' అని ఉంది, 'చెడినా' అని లేదు. పెద్ద దానాలు చేయలేని పేదవాడికి ధైర్యం చెప్పే పద్యమిది. పైగా ఆ విత్తు గొప్పదని ఎట్లా తెలిసింది? మర్రి మొలిచింది కాబట్టే. తుమ్మ మొలిస్తే ఏం చేయాలో వేమన ఇక్కడ ఎత్తనే లేదు.

"ఆత్మశుద్ధి లేని" పద్యంలోనూ అందరం శివపూజ దగ్గరికే పరుగెత్తుతాం. మధ్యలో "భాండశుద్ధి లేని పాకమేల" అన్నాడు గదా! వండినామె మనసు వెన్నే కావచ్చు. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాస్తే చిలుము దిగుతుంది, తిన్నవాళ్లకు వాంతులు.

ఇక బ్యారేజీ. గోదావరి నీళ్లు తెలంగాణ పొలాలకు ఎత్తిపోయాలన్న ఉద్దేశంలో తప్పేముంది? 2016లో తెలంగాణ, మహారాష్ట్ర రెండూ ఒప్పందం చేసుకున్నాయి, 2019 జూన్ 21న ప్రారంభించారు. సిరొంచ వైపు రైతులేమో బ్యారేజీ వెనక నిలిచే బ్యాక్‌వాటర్‌తో చేలు మునిగాయని మొత్తుకున్నారు. పత్తిచేలో నాలుగు రోజులు నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది, చెట్టు నిలబడ్డచోటే వాడిపోతుంది. వరద తీశాక ఇసుక మేటలు ఎత్తించాలంటే మళ్లీ ట్రాక్టర్ కిరాయి. ఆ గట్టు మీద నిలబడి ఈ పద్యం చదివే ధైర్యం నాకైతే లేదు. (2023 అక్టోబరులో బ్యారేజీ పియర్లు (స్తంభాలు) కుంగాక చిత్తశుద్ధి మాట ఎత్తినవాళ్లు కూడా తగ్గారు, అది వేరే కథ.)

ఇంకొకరు: మరి "వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది" అంటాం గదా, అది ఉద్దేశాన్ని మన్నించడమే కదా?

జవాబు: మన్నించడం కంటే నవ్వడమే ఎక్కువ అక్కా. పాడయింది చేసినవాడి మట్టే, అందుకే నవ్వి వదిలేస్తాం. "ధర్మానికి పోతే కర్మం చుట్టుకుంది" కూడా చేసినవాడి ఏడుపే. పక్కవాడి చేను మునిగినప్పుడు ఈ రెండూ అక్కరకు రావు.

ఇంకొకరు: అట్లయితే ఉద్దేశానికి విలువే లేదంటావా తమ్మీ?

జవాబు: అయ్యో, ఎందుకుండదు పెద్దనాన్నా! కావాలని ముంచినవాడి ముఖం చూడం, తెలియక ముంచినవాడికి ఇంటికొస్తే చాయ్ పోస్తాం. తలాఠీ (మా వైపు ఊరి రెవెన్యూ అధికారి) పంట నష్టం పంచనామా రాసేటప్పుడు మాత్రం ఎన్ని ఎకరాలు పోయాయనే అడుగుతాడు.