సెప్టెంబర్ 28: స్కూల్ అసెంబ్లీలో పాపతో ఏం చెప్పించాలి?

మలక్‌పేట_అమ్మ:
అందరికీ నమస్తే. మా పాప ఏడో తరగతి. వాళ్ల స్కూల్లో పొద్దున ప్రేయర్ అయ్యాక రోజుకొకరు "చరిత్రలో ఈ రోజు" అని రెండు నిమిషాలు చదవాలి, మా పాపకు సెప్టెంబర్ 28 వచ్చింది. ఫ్యామిలీ గ్రూపులో అడిగితే మా ఆడపడుచు 23 పాయింట్ల లిస్టొకటి పంపింది. భగత్ సింగ్ పుట్టినరోజు, లతా మంగేష్కర్ పుట్టినరోజు, పెన్సిలిన్ కనిపెట్టడం, 1066లో ఎవరో విలియం ఇంగ్లండ్‌లో దిగడం, ఈజిప్టు నాసర్ చనిపోవడం, అభినవ్ బింద్రా, రణబీర్ కపూర్ (ఇద్దరూ 1982లో ఇదే రోజు పుట్టారట)... అన్నీ కలగాపులగంగా ఉన్నాయి. వీటిలో ఏవి ధైర్యంగా చదవొచ్చు? పోయిన నెల ఇంకో పిల్లాడు తప్పు తేదీ చదివితే సోషల్ సార్ అందరి ముందే సరిదిద్దారట, అప్పటినుంచి మా దానికి ఒకటే టెన్షన్. ఎండలో నిలబడి 23 పాయింట్లు ఎవరూ వినరు, నాలుగైదు చాలు. రణబీర్‌ను తీసేస్తే మాత్రం ఊరుకోనంటోంది.

పురానాపూల్_పాతకాపు:
అమ్మా, 23 పాయింట్లలో మూసీ వరద లేదా? హైదరాబాద్‌లో ఉంటూ సెప్టెంబర్ 28 అంటే ముందు గుర్తు రావాల్సింది అదే కదా! 1908, సోమవారం. ఎగువన విపరీతమైన వాన పడి రెండు వందలకు పైగా చెరువులు ఒకదాని తర్వాత ఒకటి తెగాయి, ఆ నీళ్లన్నీ కలిసి ఊరి మీద పడ్డాయి. చనిపోయినవాళ్లు దాదాపు 15 వేలని ఎక్కువమంది రాస్తారు. అఫ్జల్‌గంజ్ వంతెన, ముసల్లంజంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన దెబ్బతిన్నాయి కానీ 1578లో కుతుబ్‌షాహీలు కట్టిన పురానాపూల్ మాత్రం నిలబడింది (మా పేట కాబట్టి గొప్పలు చెప్తున్నాననుకోకండి, నిజంగానే నిలబడింది).

పిల్లలకు చెప్పడానికి చింతచెట్టు కథ బాగుంటుంది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న పెద్ద చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. అందరికీ ఆ అదృష్టం లేదు. ఉర్దూ రుబాయీలకు (నాలుగు పాదాల పద్యాలకు) పేరుపడ్డ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ భార్యనూ కూతురినీ ఆ ఒక్క వరదలోనే పోగొట్టుకున్నారు, తను మాత్రం బయటపడ్డారు. ఇది చదివించాలా వద్దా అన్నది మీ ఇష్టం, చిన్నపిల్లలు కదా.

అప్పుడు నిజాం ఆరో మహబూబ్ అలీ ఖాన్. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. వరదను ఊళ్లోకి వచ్చాక ఆపడం కాదు, పైనే పట్టుకుని మెల్లగా వదలాలి అన్నది ఆయన ఆలోచన. అలా 1920లో ఉస్మాన్‌సాగర్, అదే మన గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. అంటే మన తాతల కాలం నుంచీ మెచ్చుకునే గండిపేట నీళ్లు ఆ వరద పుణ్యమే. మా నానమ్మ వాళ్ల అత్తగారు పుట్టిన తేదీ ఇంట్లో ఎవరికీ తెలీదు, "తుగ్యానీ (అంటే వరద) వచ్చిన ఏడు" అనేవాళ్లంతే.

తేదీల_పిచ్చోడు:
మేడం, లిస్టు సంగతి నేను చెప్తాను. లతా (1929), బింద్రా, రణబీర్, నాసర్ (1970) ఇవి ఖాయం. భగత్ సింగ్ దగ్గర జాగ్రత్త, 1907 అన్నది సరే కానీ కొన్నిచోట్ల 27, కొన్నిచోట్ల 28 రాస్తారు, సోషల్ సార్ పట్టుకునేది ఇలాంటివే. పెన్సిలిన్ ఇంకా తమాషా. ఫ్లెమింగ్ 1928లో సెలవులు ముగించుకుని లండన్ ల్యాబ్‌కు తిరిగొచ్చింది సెప్టెంబర్ మొదటివారంలో, దాని మీద ఆయన నోట్‌బుక్‌లో మొదటి నమోదు అక్టోబర్ 30ది. 28 అనేది తర్వాత వాడుకలో స్థిరపడిపోయిన తేదీ. "1928 సెప్టెంబర్‌లో" అని చదివించండి, ఎవరూ వేలెత్తి చూపలేరు.

1066 తీసేయండి. విలియం పెవెన్సీలో దిగింది సెప్టెంబర్ 28నే, కానీ అది అప్పట్లో వాడిన పాత జూలియన్ క్యాలెండర్ లెక్క, ఇప్పటి క్యాలెండర్‌లోకి మారిస్తే అక్టోబర్ 4 అవుతుంది. ఏముంది, మన ఇంట్లో తద్దినం తిథి ప్రకారం ఏటా ఒక్కో తేదీకి రావడం లేదా, అలాంటిదే. ఈ లిస్టులు తయారుచేసేవాళ్లు అదేం పట్టించుకోరు, 28 అని కనిపిస్తే చాలు తెచ్చి కుప్పేస్తారు.

వినుకొండ_టు_కూకట్‌పల్లి:
అక్కా, ఇంతమంది ఇన్ని చెప్పారు, మా జాషువాగారిని మర్చిపోయారు 😀 గుర్రం జాషువా పుట్టింది 1895 సెప్టెంబర్ 28న, మా వినుకొండలో. గుడి తలుపులు తెరుచుకోని మనిషి బాధను గబ్బిలం చేత కాశీలో శివుడికి కబురు పంపించిన మహాకవి. ఇంకో వింత చూడండి, సరిగ్గా అదే రోజు, అదే 1895లో ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్ చనిపోయారు. ఒకే తేదీ కాదు, ఒకే రోజు! పాశ్చర్ కుక్కకాటుకు టీకా తెచ్చారు కాబట్టే ఏటా ఈ రోజున ప్రపంచ రేబిస్ దినం జరుపుతారు. కుక్క కరిస్తే మనం పరిగెత్తే నారాయణగూడ ఐపీఎం పేరు చెబితే పిల్లలకు వెంటనే ఎక్కుతుంది.

ఆస్ట్రోశాట్‌ను కూడా చేర్చండి. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ30 మీద వెళ్లింది, నక్షత్రాలనూ గెలాక్సీలనూ చూడటానికే మనదేశం పంపిన మొదటి అంతరిక్ష టెలిస్కోపు.

పురానాపూల్_పాతకాపు:
@వినుకొండ తమ్ముడూ, 1895 సంగతి నాకు తెలీదు, భలే చెప్పావు.

మలక్‌పేట_అమ్మ:
అందరికీ చాలా థ్యాంక్స్. రాత్రి కూర్చుని రాసేశాం. మూసీ వరద, చింతచెట్టుకే ఒక నిమిషం పైన పట్టింది, మిగిలిన టైంలో జాషువా-పాశ్చర్ జోడీ, ఆస్ట్రోశాట్. అమ్జద్‌గారి సంగతి నేను వద్దన్నా పాపే రాసుకుంది. పెన్సిలిన్, భగత్ సింగ్ తీసేశాం. చివర్లో "2008 బీజింగ్‌లో మనదేశానికి మొదటి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన బింద్రా, నటుడు రణబీర్ ఒకే రోజు పుట్టారు" అని ఒక్క వాక్యం, అది లేకపోతే అన్నం తిననంది. ఇంతకీ ఆ చెట్టు ఇప్పటికీ ఉందా అని ఒకటే అడుగుతోంది. మలక్‌పేటలో పుట్టి పెరిగి నేనెప్పుడూ చూడలేదు.

పురానాపూల్_పాతకాపు:
ఉందమ్మా. ఆసుపత్రి ఆవరణలో నది వైపుకి వెళ్లి ఎవరినడిగినా చూపిస్తారు. ఏటా 28న కొంతమంది ఆ చెట్టు కింద చేరి చనిపోయినవాళ్లను తలుచుకుంటారు. ఆ రోజు స్కూలుంటే ముందు ఆదివారమే తీసుకెళ్లండి, అఫ్జల్‌గంజ్‌లో ట్రాఫిక్ కాస్త తక్కువుంటుంది.