కాళ్ళతో పని లేకుండా చిన్న విమానం నడిపేవాళ్ళు మనలో ఎవరైనా ఉన్నారా?

కాలిపర్స్ కుర్రాడు (ఫీనిక్స్)
అందరికీ నమస్తే. నాకు రెండేళ్ళప్పుడు పోలియో వచ్చింది, రెండు కాళ్ళకీ కాలిపర్స్. చంకకర్రల పుణ్యమా అని చేతులు మాత్రం గట్టివే. పదేళ్ళుగా కారు హ్యాండ్ కంట్రోల్స్‌తోనే నడుపుతున్నా. ఇంటి దగ్గర చిన్న ఎయిర్‌పోర్ట్ ఉంది, సాయంత్రమైతే సెస్నాలు నెత్తి మీదుగా పోతుంటాయి. మొన్న ధైర్యం చేసి ఒక ఫ్లయింగ్ స్కూల్‌కి వెళ్తే, కౌంటర్‌లో కుర్రాడు నా కాళ్ళ వంక చూసి "రడ్డర్ పెడల్స్ తొక్కాలి మరి" అన్నాడు. రడ్డర్ అంటే విమానం ముక్కుని పక్కలకి తిప్పే తోక పలక. ఏమనాలో తెలియక వచ్చేశాను. ఆ పెడల్స్ దగ్గరే ఆగిపోవాల్సిందేనా?

ఇండియానా బుజ్జి
అక్కర్లేదు బ్రదర్. నాకు బైక్ యాక్సిడెంట్‌లో వెన్నుపూస దెబ్బతింది, నడుము కింద స్పర్శ లేదు. నేను నేర్చుకున్నది పైపర్ పీఏ-28 అనే చిన్న విమానం మీద. పెడల్స్‌కి ఒక రాడ్డు బిగించి, పైన చేతికి అందేలా పిడి పెడతారు. ఒకవైపుకి తోస్తారు, రెండోవైపుకి లాగుతారు. పక్క సీటు పెడల్స్ కూడా దానికే కలిసి ఉంటాయి కాబట్టి నేను పిడి కదిపితే మా ఇన్‌స్ట్రక్టర్ పాదాల కింద పెడల్స్ కదిలేవి. నేను తప్పు చేసినప్పుడల్లా ఆయనకి ముందు కాళ్ళకే తెలిసేది!

పెడల్స్ పని చేతికి అప్పజెప్పాక అసలు తిప్పలు మొదలవుతాయి. చేతులు రెండే, పనులు మూడు: యోక్ (స్టీరింగ్ లాంటిది), థ్రాటిల్ (ఇంజన్ పవర్‌కి), రడ్డర్. టేకాఫ్‌లో పర్లేదు, థ్రాటిల్ పూర్తిగా తోసి, జారకుండా ఫ్రిక్షన్ మర బిగించి, ఆ చెయ్యి రడ్డర్ మీదకి తెచ్చుకోవచ్చు. ఫుల్ పవర్‌లో ముక్కు ఎడమకి లాగుతుంది కాబట్టి అక్కడ రడ్డర్ కచ్చితంగా కావాలి. ల్యాండింగ్‌లో పక్కగాలి ఉంటే మాత్రం చెమటలే. ఒక చేత్తో రెక్కని గాలివైపు వంచాలి, ఇంకో చేత్తో రడ్డర్ ఎదురు పట్టాలి, మధ్యలో పవర్ కాస్త తగ్గించాలి. నా మొదటి యాభై ల్యాండింగ్‌లూ ఈ చేతులు మార్చుకోవడంలోనే పోయాయి. చివరికి దొరికిన దారేంటంటే, పవర్ ముందే సరిపడా పెట్టేసుకుని, కిందికొచ్చాక థ్రాటిల్‌ని ఒక్కసారే ముట్టుకోవడం. కొన్ని పరికరాల్లో థ్రాటిల్ కూడా రడ్డర్ పిడిలోనే ఉంటుంది, అవి దొరికితే అదృష్టం.

టెక్సాస్ పానా
ఎయిర్‌క్రాఫ్ట్ మెకానిక్‌ని. సెస్నా 172 కాకుండా పైపర్ ఎందుకంటే, బ్రేకుల వల్ల. 172లో బ్రేకులు పెడల్స్ కొసన వేళ్ళతో తొక్కాలి. పైపర్‌లో డాష్‌బోర్డ్ కింద చేత్తో లాగే బ్రేక్ ఉంటుంది, రెండు చక్రాలకీ ఒకేసారి పడుతుంది. నేల మీద ముందు చక్రం కూడా పెడల్స్‌కే కలిపి ఉంటుంది కాబట్టి అదే పిడితో టాక్సీ (నేల మీద నడపడం) కూడా చేసుకోవచ్చు.

ఇంకో మాట. స్కూటీకి పక్క చక్రాలు పెట్టమంటే మా బెజవాడ ఆటోనగర్‌లో సాయంత్రానికి చేసిచ్చేస్తారు. విమానానికి ఆ పప్పులుడకవు. ఆ మోడల్‌కి ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన శాఖ) ఆమోదించిన పరికరమే పెట్టాలి, లాగ్‌బుక్‌లో రాయాలి. నట్టుకో కాగితం అనుకోండి. అది బిగించాక యోక్, పిడి రెండూ అన్ని మూలలకీ తిప్పి చూడండి, ఎక్కడా ఒకదానికొకటి తగలకూడదు.

మానుకోట రాణి
కాళ్ళు లేకపోతే చేతులున్నాయి సరే. చేతులే లేనివాళ్ళో?

ఇండియానా బుజ్జి
ఉన్నారు రాణి గారూ. జెస్సికా కాక్స్ అని, కాలిపర్స్ తమ్ముడి ఆరిజోనాలోనే పుట్టింది. పుట్టుకతోనే రెండు చేతులూ లేవు. 2008లో స్పోర్ట్ పైలట్ (చిన్న విమానాలు నడిపే) సర్టిఫికెట్ తెచ్చుకుంది. ఒక పాదం యోక్ మీద, ఇంకో పాదం థ్రాటిల్ మీద. విమానం పేరు ఎర్‌కూప్.

టెక్సాస్ పానా
ఎర్‌కూప్ అంటే నాకు ముచ్చట. 1930ల చివర్లో ఫ్రెడ్ వీక్ అనే ఇంజనీర్ డిజైన్ చేశాడు. రడ్డర్‌ని యోక్‌కే కలిపేశాడు, కారు స్టీరింగ్‌లా తిప్పితే చాలు. ఇది వికలాంగుల కోసం చేసింది కాదు, మామూలు జనం పొరపాటున స్పిన్‌లో (గిర్రున తిరుగుతూ కిందికి పోవడం) పడి చావకూడదని చేసింది. 5,000కు పైగా తయారయ్యాయి. పక్కగాలిలో వంకరగానే దిగుతుంది, చక్రాలు నేలకి తగిలాక అదే సర్దుకుంటుంది. మొదటిసారి చూస్తే గుండె ఆగుతుంది. కొనాలనుకుంటే రెండు సంగతులు చూసుకోండి: కొన్నింటికి తర్వాత రడ్డర్ పెడల్స్ పెట్టించారు, బ్రేక్‌కి కూడా చాలావాటిలో నేల మీద ఒక పెడల్ ఉంటుంది.

హ్యాంప్‌షైర్ అత్తయ్య
మా ఆయన వీల్‌చైర్‌లో ఉంటారు. ఇక్కడ బ్లాక్‌బుష్ ఎయిర్‌పోర్ట్‌లో ఏరోబిలిటీ అనే సంస్థ ఉంది, వికలాంగుల చేత విమానం నడిపిస్తారు. వాళ్ళవీ పీఏ-28లే. నడపడం గురించి మీరంతా చెప్పారు, ఎక్కడం గురించి ఒక్కరూ చెప్పలేదేం నాయనా? పైపర్‌కి ఒకే తలుపు, అదీ కుడి రెక్క మీద. రెక్క మీద వెనక్కి కూర్చుని పిరుదుల మీద జరుగుతూ పైకెళ్ళాలి, కుడి సీట్లోంచి ఎడమ సీట్లోకి దొర్లాలి. మా ఆయనకి మొదటి రోజు ఇరవై నిమిషాలు పట్టింది, ఎగిరింది అరగంట. స్పర్శ లేనివాళ్ళకి రెక్క మీద గరుకు పట్టీ గీసుకుపోయినా తెలియదు. దళసరి దుప్పటి ఒకటి పరచుకోండి.

ఇండియానా బుజ్జి
నిజమే అత్తయ్యా, రోజూ చేసేది కాబట్టి మర్చిపోయా. ఇంకోటి, కాళ్ళకి ఉన్నట్టుండి బిగుసుకుపోయే జబ్బుంటే చీలమండల దగ్గర పట్టీతో కట్టుకోవాలి. గాల్లో కాలు ఎగిరి పెడల్ మీద పడితే ఎంత బలంగా లాగినా పిడి కదలదు. ఫీనిక్స్ ఎండలో జాగ్రత్త, వెన్నుపూస దెబ్బ ఉన్నవాళ్ళకి కింద చెమట పట్టదు, ఒళ్ళు కాలిపోతుంది. తమ్ముడికి ఆ బాధ లేదులే.

సీఎఫ్ఐ శాస్త్రి (డాలస్)
ఇన్‌స్ట్రక్టర్‌ని. కాలిపర్స్ గారూ, కంగారుపడి మెడికల్ సర్టిఫికెట్‌కి అప్లై చేయొద్దు. స్పోర్ట్ పైలట్‌కి డ్రైవింగ్ లైసెన్స్ చాలు, 2004 నుంచి ఉన్న రూలే. కానీ మెడికల్‌కి అప్లై చేసి అది తిరస్కరిస్తే, డ్రైవింగ్ లైసెన్స్ దారి కూడా మూసుకుపోతుంది. ముందు ఆ మెడికల్ పరీక్ష చేసే డాక్టర్‌తో మామూలుగా మాట్లాడి, ఫారం తర్వాత నింపండి. పోలియో లాంటి, ఇక ముదరని లోపానికి ఎఫ్ఏఏ వాళ్ళు విమానంలో కూర్చోబెట్టి పరీక్ష పెడతారు. నడిపి చూపిస్తే సోడా అనే కాగితం, అంటే లోపం ఉన్నా నడపగలరన్న ధ్రువీకరణ, ఇస్తారు. పరిస్థితి దిగజారనంత కాలం దానికి గడువు లేదు. ఖర్చు భారమైతే వికలాంగులకిచ్చే ఏబుల్ ఫ్లైట్ స్కాలర్‌షిప్ చూడండి, పర్డ్యూ యూనివర్సిటీతో కలిసి ట్రైనింగ్ ఇస్తారు.

కాలిపర్స్ కుర్రాడు (ఫీనిక్స్)
అందరికీ దండాలు. రెండు గంటల దూరంలో హ్యాండ్ కంట్రోల్ ఉన్న పైపర్ ఒకటి దొరికింది, శనివారం పొద్దున్నే రమ్మన్నారు. దుప్పటి కారులో పెట్టేశా. ఒక్క డౌట్: కాలిపర్స్ పెట్టుకునే కూర్చోవాలా, తీసేయాలా?

సీఎఫ్ఐ శాస్త్రి (డాలస్)
మీ ఇన్‌స్ట్రక్టర్‌కి చూపించి అడగండి. నేనైతే తీయిస్తా, ఆ ఇనుము పెడల్స్ సందులో ఇరుక్కుంటుందని. తీశాక బరువు లెక్కలో కలిపి, వెనకాల సామాన్ల దగ్గర కట్టించండి. వదులుగా పడేస్తే ఒక్క కుదుపుకి మీ తల మీదకే వస్తాయి.