సమస్యాపూరణం: ముద్దు మనుమని కడుపులో ముసలి తాత

ఈ వారం సమస్య:

ముద్దు మనుమని కడుపులో ముసలి తాత

తేటగీతి పాదం. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి. ప్రాస నియమం లేదు కాబట్టి కొత్తవాళ్లు కూడా ధైర్యంగా రాయవచ్చు.

ఇది నా బల్ల మీదే పుట్టిన సమస్య. రెండు నెలలుగా అక్కడ బీబీసీ మైక్రో అనే పాత కంప్యూటర్ ఒకటి ముక్కలుగా పడి ఉంది. కేంబ్రిడ్జిలో ఏకార్న్ కంపెనీ వాళ్లు 1981 డిసెంబరులో విడుదల చేసిన యంత్రం అది. 6502 ప్రాసెసర్, 2 మెగాహెర్ట్జ్ వేగం, 32 కిలోబైట్ల మెమరీ. నా దానికి పైపెంకు పగిలిపోయింది, పవర్ సప్లైలో ఒక పాత కెపాసిటర్ పొగ కక్కింది. లోపలి బోర్డు మాత్రం క్షేమం. దాన్ని ఇప్పటి పీసీ కేసులో కూర్చోబెడుతున్నాను. బోర్డు తాత, కేసు మనుమడు. ఇలాంటి పని చేసినవాళ్లు మనలో కొందరున్నారని తెలుసు. పూరణ ఆ విషయం మీదే ఉండాలి. ఒక్కటే కోరిక: పద్యంలో చెప్పిన పని నిజంగా జరిగేదై ఉండాలి.

పూరణ 1 (రాజమండ్రి)

పెంకు పగిలిన బీబీసి పెట్టె లోని
పలక మెల్లగ విడదీసి భద్రముగను
నేటి కాలపుఁ గేసులో నిలిపినాఁడ
ముద్దు మనుమని కడుపులో ముసలి తాత.

"మాస్టారూ, 'బీబీసి' అని చివర కురచ చేశాను. తప్పా?"

తప్పు కాదు. దీర్ఘం ఉంచితే మూడూ గురువులై మగణం అవుతుంది, అది ఇంద్రగణం కాదు. మీరు చేసిందే దారి. బోర్డును 'పలక' అనడం నాకు చాలా నచ్చింది. దాని ముందు కూర్చుని అక్షరాలు దిద్దినట్టే కదా ప్రోగ్రాములు దిద్దుకున్నాం.

చిక్కంతా మూడో పాదంలో ఉంది. 'నిలిపినాఁడ' అన్నారు, దేన్ని? తాతనైతే 'తాతను' అనాలి, సమస్యలో 'తాత' ప్రథమా విభక్తిలో ఉంది. అన్వయం తెగిపోయింది. తాతకు ఒక క్రియ ఇవ్వండి:

నేటి కాలపుఁ గేసులో నిలుప వెలిఁగె

నిలిపింది మీరు, వెలిగింది తాత. యతి అలాగే ఉంది.

"మహదానందం మాస్టారూ. అలాగే సవరించుకున్నాను."

అభ్యంతరం (విశాఖపట్నం)

"పద్యం బాగుంది గానీ, చుట్టరికం కుదరలేదేమో. పీసీ కేసు బీబీసీ మైక్రోకు మనుమడు ఎలా అవుతుంది? పీసీ కేసులకు, పవర్ సప్లైలకు వాడే ఏటీఎక్స్ కొలతలు ఇంటెల్ 1995లో పెట్టినవి. ఆ వంశం ఐబీఎం పీసీది. ఏకార్న్‌ది వేరే ఇల్లు."

మంచి ప్రశ్న. నేనూ ఒక రాత్రంతా దీని గురించి ఆలోచించాను. ఐబీఎం పీసీ 1981 ఆగస్టులో వచ్చింది, బీబీసీ మైక్రో అదే ఏడాది డిసెంబరులో. నాలుగు నెలల తేడా. పెదనాన్న కొడుకు, చిన్నాన్న కొడుకు అనుకోండి. మన ఇళ్లలో అన్న మనుమడు తనకూ మనుమడే కదా, ఆ పిల్లవాడు 'చిన్న తాతయ్యా' అనే పిలుస్తాడు. వరస కుదిరినట్టే. అయితే రక్తసంబంధం కూడా చూపించగలిగే పూరణ వస్తే ఇంకా సంతోషం.

పూరణ 2 (హైదరాబాద్)

ఐదు వోల్టుల నిడు తీఁగె లతికినాఁడ
మైనసైదుకై వెదుకఁగా మాయమయ్యె
పిదపఁ బండ్రెండు తగ్గించి పిలువ లేచె
ముద్దు మనుమని కడుపులో ముసలి తాత.

ఈ పని చేతులారా చేసినవాళ్లు మాత్రమే రాయగల పద్యం ఇది. చేయనివాళ్ల కోసం కాస్త విప్పుతాను. బీబీసీ బోర్డుకు కరెంటు ఏడు తీగల మీద వస్తుంది: మూడు ఎర్రవి ప్లస్ ఐదు వోల్టులకు, మూడు నల్లవి సున్నాకు, ఒక ఊదా రంగుది మైనస్ ఐదుకు. ఇప్పటి ఏటీఎక్స్ సప్లైలో ప్లస్ ఐదు పుష్కలంగా దొరుకుతుంది. మైనస్ ఐదు మాత్రం 2000ల మొదట్లోనే ఆ ప్రమాణంలోంచి పోయింది. మైనస్ పన్నెండు చాలా సప్లైలలో ఇంకా మిగిలి ఉంది కాబట్టి, దానికి 7905 రెగ్యులేటర్ తగిలించి ఐదుకు దించుకోవాలి. 'మాయమయ్యె' అన్న మాటలో ఆ వెతుకులాట మొత్తం వినిపించింది. మొదటి పాదంలో ఐకారానికి 'అతికి'లోని అకారంతో స్వరయతి చక్కగా కుదిరింది.

రెండు మాటలు. ఒకటి, పండ్రెండు ముందు ఋణం గుర్తు లేదు. పద్యం చదివి ఎవరైనా ప్లస్ పన్నెండు తీగ అతికితే కష్టం. పద్యం కింద వచనంలో ఒక హెచ్చరిక రాయండి. రెండోది నాకు ఇంకా ముఖ్యం. మైనస్ ఐదు లేకపోయినా బోర్డు లేస్తుంది, తెర మీద అక్షరాలూ వస్తాయి. ఆగిపోయేది ధ్వని, సీరియల్ పోర్టు. అంటే తాత మేలుకునే ఉన్నాడు, గొంతు రాలేదు. అందుకని 'పిలువ లేచె' కాదు:

పిదపఁ బండ్రెండు తగ్గించి పిలువఁ బలికె

"మాస్టారూ, నిజంగా అలాగే జరిగింది! తెర వచ్చింది, బీప్ రాలేదు. ఒక పూటంతా స్పీకర్ పాడైందని టెన్షన్ పడ్డాను. పద్యం రాసేటప్పుడు ఆ సంగతే మరిచిపోయాను."

పూరణ 3 (వరంగల్)

బేసికున నాఁడు లెక్కించి పెంచినట్టి
యార్ము వంశానఁ బుట్టిన యర్భకుఁడగు
పైని నడుపఁగాఁ దెరమీఁదఁ బలుకరించె
ముద్దు మనుమని కడుపులో ముసలి తాత.

"నా దగ్గర అసలు బోర్డు లేదండీ. పీసీ కేసులో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు పెట్టి, దాని మీద బీబీసీ ఎమ్యులేటర్ (పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాము) నడుపుతున్నాను."

విశాఖ సోదరుడు అడిగిన రక్తసంబంధం ఇదిగో. ఏకార్న్‌లో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ ఆర్మ్ ప్రాసెసర్‌ను రూపొందించినప్పుడు, చిప్పు చేతికి రాకముందే దాని నడకను బీబీసీ బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో అనుకరించి చూసుకున్నారు. 1985 ఏప్రిల్‌లో మొదటి చిప్పు వచ్చాక దానికి ఊపిరి పోసింది కూడా బీబీసీ మైక్రోకు రెండో ప్రాసెసర్‌గా తగిలించే. రాస్ప్‌బెర్రీ పైలో ఉన్నది ఆర్మ్ చిప్పే. కాబట్టి ఇక్కడ మనుమడు నిజంగా మనుమడు. 'లెక్కించి పెంచినట్టి' అన్న రెండు మాటల్లో ఇంత చరిత్ర పట్టింది. రెండో పాదం 'యార్ము' అని యడాగమంతో మొదలుపెట్టడం వల్ల విసంధి దోషమూ తప్పింది.

అయినా నా మనసులో మాట చెప్పాలి. ఎమ్యులేటర్‌లో ఉన్నది తాత గొంతు, తాత కాదు. ఆ పై కుటుంబంలోనే చిన్నదైన పై జీరో మరో విధంగా ఉపయోగపడుతుంది. బీబీసీ రంగుల సంకేతం సుమారు 15.6 కిలోహెర్ట్జ్ మీద నడుస్తుంది, ఇప్పటి మానిటర్లు చాలావరకు దాన్ని అందుకోవు. నడుమ పై జీరో పెట్టి హెచ్‌డీఎంఐకి మారుస్తారు. అసలు బోర్డు దొరికిన రోజున అలా చేయండి. ఒకే కేసులో తాత మాట్లాడతాడు, మనుమడు అర్థం చెబుతాడు.

పూరణ 4 (నెల్లూరు, మొదటి ప్రయత్నం)

మొదట మూల్గెను మందంపు మోఁత తోడ
తరువాత బీపని పలికె సన్నగాను
గుండె కుదుటఁ బడెను నాకుఁ గోలుకొనియె
ముద్దు మనుమని కడుపులో ముసలి తాత.

తమ్ముడూ, భావం బంగారం. స్విచ్ వేయగానే మందంగా ఒక మోత, వెంటనే సన్నని బీప్. ఆ రెండోది రాక మొదటి మోతే సాగితే లోపల ఏదో జబ్బు ఉన్నట్టు. ఆ క్షణంలో గుండె ఆగినంత పనవుతుంది, నాకు తెలుసు.

రెండో పాదం మాత్రం తప్పింది. 'తరువాత' సలం, ఇంద్రగణం. మొదటి చోట సూర్యగణం రావాలి. యతీ లేదు. హైదరాబాద్ వారి పద్యంలోని 'పిదప'ను అరువు తెచ్చుకో:

పిదప బీపని పలికెను పిన్న గొంతు

మిగతా మూడు పాదాలూ మొదటిసారే నిలబడ్డాయి. రాయడం ఆపకు.

పూరణ 5 (గుంటూరు)

నాఁడు బడిలోన మాకెల్ల నడక నేర్పి
యటకపై నిన్నినాళ్లుగా నణఁగి యుండి
కాపురము పెట్టెఁ గొత్తింటఁ గనుఁడు నేఁడు
ముద్దు మనుమని కడుపులో ముసలి తాత.

"నేను పనిచేసిన బడికి క్లాస్ పథకంలో (బడుల్లో కంప్యూటర్ చదువు కోసం పెట్టినది) వచ్చిన యంత్రం ఇది. పిల్లలకు నేర్పమన్నారు గానీ, నేనూ వాళ్లతో పాటే నేర్చుకున్నాను. తర్వాత బడివాళ్లు పాత సామాను వేలం వేస్తే కొనుక్కున్నాను. కేసులో అమర్చింది మా అబ్బాయి."

అక్కయ్యా, ఇందులో నేను దిద్దవలసింది ఏమీ లేదు. 1980ల నడుమ ఆ పథకం కింద మన దేశంలోని బడులకు బీబీసీ మైక్రోలు వచ్చాయి. సెమీకండక్టర్ కాంప్లెక్స్ సంస్థ వాటిని యూనికార్న్ పేరుతో ఇక్కడే తయారు చేసింది కూడా. 'కొత్తింట కాపురము' అన్న మాట దగ్గర ఆగిపోయాను. పీసీ కేసుకు ఇంతకంటే మంచి పేరు నాకు తట్టలేదు. ఈ వారం పెద్దపీట మీదే.

ఒక్క సంగతి చెప్పండి. కేసు నిలువుగా ఉంది కదా, కీబోర్డు బయటికి తెచ్చిన రిబ్బన్ కేబుల్ ఎంత పొడవు పెట్టారు? నాది చాలడం లేదు.